తలా ఒకటి

తెల్ల కుప్ప మీద రక్తం పడింది.

మా గోదాంలో అన్ని కుప్పల్లోకీ తెల్ల కుప్పకే మర్యాద ఎక్కువ. పాత దుప్పట్లు, చొక్కాలు, ఆస్పత్రి పక్కబట్టలు, ఎవరు కట్టి విడిచినవో ఏమో, బేళ్ళకి బేళ్ళు వచ్చి పడతాయి. వాటిని మేం రంగుల వారీగా ఏరి, బొత్తాలు కోసి, జిప్పులు లాగి, కుట్లు విప్పి కుప్పలు పోస్తాం. తర్వాత మిషను వాటిని పీచుగా చీలుస్తుంది. తెల్ల పీచుకి ఏ రంగైనా ఎక్కుతుంది. అందుకని ఆ కుప్పలో వేరే రంగు దారప్పోగు ఒక్కటి కనిపించినా మేస్త్రీ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఆ రోజు ఆ కుప్ప దగ్గర జిప్పుల పిన్ని కూర్చుంది. రెండుసార్లు దగ్గింది. మూడోసారి చెయ్యి అడ్డం పెట్టుకునే లోపే అయిపోయింది.

మేస్త్రీ వచ్చాడు. ముందు గుడ్డని చూశాడు. ఆ తర్వాత మనిషిని చూశాడు.

"ఎన్ని పాడు చేశావ్?"

"ఒక్కటే అయ్యా. పై దుప్పటి ఒక్కటే. కింద వాటికి అంటలేదు," అంది పిన్ని, తిప్పి తిప్పి చూపిస్తూ.

"తీసుకుపో. దుప్పటీ, నువ్వూ."

"మరి రేపు..."

"రేపూ లేదు, ఎల్లుండీ లేదు. నీ రోగం కక్కడానికి నా షెడ్డే దొరికిందా?"

పిన్ని ఆ దుప్పటిని మడత పెట్టింది. ఏళ్ళ తరబడి చేసిన చేతులు కదా, అంచుకి అంచు కలిపి పెట్టింది. గేటు దాకా నడిచి, అక్కడ ఆగి, వెనక్కి చూసింది. లోపల నూట ముప్ఫై తొమ్మిది మందిమి ఉన్నాం. ఒక్కరం తలెత్తలేదు. చేతులు మాత్రం ఎప్పటికంటే జోరుగా ఆడాయి.

తల వంచుకుని నేనేమనుకున్నానో కూడా చెప్పాలి. తెల్ల కుప్ప దగ్గర చోటు ఖాళీ అయింది, అది నాకిస్తారా, వదినకిస్తారా అనుకున్నాను.

వదినకిచ్చారు.

మా జట్టు ఆరుగురు ఆడవాళ్ళం. పిన్ని పోయాక అయిదుగురం. మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. సాయంత్రం మూటలు కాటాకెక్కే ముందు జట్టంతా ఒకరి కుప్ప ఒకరు చూసుకుంటాం. ఎవరి చెయ్యి వెనకబడితే వాళ్ళ కుప్పలో మిగతావాళ్ళు దోసిళ్ళతో వేస్తారు. ఏ ఒక్కరి మూటా తక్కువ తూగకూడదు. ఒకరి మూట తగ్గితే వాళ్ళని తీసేస్తారు, తీసేస్తే జట్టు విరుగుతుంది. పాత బట్టల జేబుల్లో దొరికేవి కూడా అంతే. ఒకసారి కోటు జేబులో చాక్లెట్ దొరికితే బొత్తాల పెద్దమ్మ దాన్ని కత్తెరతో ఆరు ముక్కలు చేసింది. మా జట్టులో పెద్దది ఆవిడే. పంచేటప్పుడు ఎప్పుడూ ఒకే మాట అనేది. "తలా ఒకటి." పంచేవాళ్ళు చివర తీసుకోవాలి. దాన్ని మేం గొప్పగా చెప్పుకునేవాళ్ళం.

షెడ్డుకి కిటికీలు ఉన్నాయి గానీ పలకలు పెట్టి మేకులు దిగ్గొట్టారు. గాలి వస్తే రంగులు కలిసిపోతాయట. దూదిలాంటి దుమ్ము లేచి, ఎటూ పోలేక, మళ్ళీ మా మీదే దిగేది.

గోదాం వెనక గదుల వరస. అందులో ఒక గది మాది. అన్నయ్య, వదిన, నేను. అమ్మానాన్నలు పోయాక అన్నయ్యే నన్ను పెంచాడు. బేళ్ళు నొక్కే ప్రెస్సు తోలేది ఆయనే. ఆ ముసలి యంత్రం ఎప్పుడు మొండికేస్తుందో, ఎక్కడ తడితే దారికొస్తుందో ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. పెళ్ళి కాకముందు పని నుంచి వస్తూ నాకోసం ఏదో ఒకటి తెచ్చేవాడు. పెళ్ళయ్యాక కూడా తెచ్చాడు. పొట్లం మాత్రం వదిన చేతికిచ్చేవాడు. వదిన విప్పి నాకు పెట్టేది. ఆ పెట్టడమే నాకు గొంతు దిగేది కాదు.

వదిన మంచిదే. అది మరీ కష్టం. నవ్వితే గదంతా నవ్వుతుంది. పనిలో వేళ్ళు కనబడవు. "ఏం ఆడపడుచు గారూ, మూతి మూడు వంకర్లు పోయింది?" అని ఆటపట్టించేది. నేను మాట్లాడేదాన్ని కాదు. చూస్తూ ఉండేదాన్ని.

అలా చూస్తూ ఉండబట్టే ఆమె దగ్గు ముందు నేనే విన్నాను.

సెలవు రోజు ప్రభుత్వాసుపత్రి నర్సమ్మ గదుల వెంట తిరిగేది, చేతిలో మూతలున్న చిన్న డబ్బాలతో. "దగ్గుందా? కళ్ళె తీసి ఇందులో ఉమ్మండి," అనేది. ఎవరింట్లోనూ ఎవరికీ దగ్గుండేది కాదు. తలుపులు అలా మూసుకునేవి. రిజిస్టర్లో పేరు పడితే మేస్త్రీ చెవిన పడుతుందని భయం. అన్నయ్య మాత్రం వదిన చేత డబ్బా ఇప్పించాడు. "తెలిస్తే తెలియనీ. దీన్ని పంపిస్తే ప్రెస్సు ఎవడు తోలతాడో తోలుకోమను," అన్నాడు.

క్షయ అని తేలింది. మందులకి లొంగే రకమేనట. ఆరు నెలలు, రోజుకి మూడు మాత్రలు. "ఒక్క రోజు మానొద్దు, ఒక్క మాత్ర తగ్గించొద్దు," అని నర్సమ్మ నెలకి సరిపడా అట్టలు ఇచ్చి, బలానికని గుడ్లూ పాలపొడీ ఇప్పించింది.

అన్నయ్య వదిన పక్కని తలుపు దగ్గరికి మార్చాడు, గాలి తగులుతుందని. ఆ చోటు నాది. గుడ్డు ఒలిచి ఉప్పు అద్ది చేతిలో పెట్టేవాడు. జబ్బు చేసిన మనిషి మీద ఓర్వలేనితనం పడకూడదని నాకూ తెలుసు. తెలిస్తే ఆగుతుందా? ఆ మాత్రలు వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది. ఆరు గదులకి ఒకటే మరుగుదొడ్డి. వదిన తర్వాత వెళ్ళి నేను ఆ రంగు చూసేదాన్ని. దాన్ని చూసి కూడా నా కళ్ళు కుట్టాయి. ఆ రంగు ఉన్న మనిషి బతుకుతుంది.

ఎందుకంటే అప్పటికి నాకూ దగ్గు పట్టుకుంది. మూడు వారాలుగా దిండులో మొహం కుక్కుకుని దగ్గుతున్నాను. వదిన కోసం ప్రెస్సు ఆపేస్తానన్న అన్నయ్య నాకోసం అంటాడో అనడో అడగలేదు. అనకపోతే ఏం చెయ్యను?

ఒక మధ్యాహ్నం గిన్నెలు విప్పుకుని కూర్చున్నాం. వదిన మాత్రలు తీసింది.

"ఏం ఆడపడుచు గారూ, అలా గుడ్లప్పగించి చూస్తావేం? దిష్టి తగులుతుంది."

"నీకేం తల్లీ. మూడేసి మాత్రలు మింగి మూడు పూటలా గుడ్లు మెక్కుతున్నావు."

"మహా రుచిగా ఉంటాయిలే. ఒకటి మింగి చూడు, పేగులు నోట్లోకి వస్తాయి."

"అయితే ఇవ్వు."

వదిన నవ్వింది. నేను నవ్వకపోయేసరికి ఆగిపోయింది. ఇంతలో దగ్గొచ్చింది నాకు. ఈసారి ఆపుకోలేదు.

"ఎన్నాళ్ళనుంచే?" అంది వదిన, గిన్నె పక్కన పెట్టి.

బొత్తాల పెద్దమ్మ కత్తెర కింద పెట్టింది. "దాన్నొక్కదాన్నే అడుగుతావేం? నాకు రెండు నెలలు. సాయంత్రమైతే ఒళ్ళు కాలిపోతోంది."

"నర్సమ్మకి చెబుదాం పెద్దమ్మా!"

"చెబితే రాస్తుంది. రాస్తే వాడికి తెలుస్తుంది. ప్రెస్సు తోలే మొగుడు నాకెక్కడున్నాడే? జిప్పులదానిలా నేనూ దుప్పటి మోసుకుంటూ పోవాలా?"

"మరి ఒక్కటి కూడా తగ్గించొద్దంది కదా ఆవిడ..."

అప్పుడు నేనన్నాను. నా నోటితో నేనే అన్నాను. "నిన్న నీ కుప్పలో రెండు దోసిళ్ళు వేశాను. అప్పుడు నీ కుప్ప, నా కుప్ప అన్నావా? జట్టులో ఏది దొరికినా సమానమన్నారు. మందు దొరికితే మాత్రం నీకొక్కదానికేనా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నా వైపు తిరిగారు. నేను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం వాళ్ళెప్పుడూ వినలేదు. న్యాయం మాట్లాడాననుకున్నారు. నా కడుపులో మండుతున్నదేమిటో నాకొక్కదానికే తెలుసు.

వదిన అరచేతిలో మాత్రల వంక చూసుకుంది.

"చూశావా," అంది పెద్దమ్మ, "మూడు మాత్రలు, ముగ్గురం. కుట్టించినట్టు సరిపోయింది. తలా ఒకటి."

పద్ధతి ప్రకారం వదిన ముందు పెద్దమ్మకిచ్చింది. తర్వాత నాకు. చివరిది తను వేసుకుంది. ఆమె చివర తీసుకుంటుంటే చూశాను. ఎన్నాళ్ళకో ఆమె కంటే నేను ముందున్నాను.

రెండు నెలలు అలా గడిచాయి. జ్వరం తగ్గింది, ఆకలి వేసింది. పెద్దమ్మ కోతలు కోసింది: "డాక్టర్లకేం తెలుసు, మూడు ఎందుకు, ఒకటి చాలదూ!" అన్నయ్యకి చెప్పలేదు. వదినా నేనూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసి నవ్వుకునేవాళ్ళం. "ఇద్దరూ ఎప్పుడు కలిసిపోయారే?" అని ఆయన ఆశ్చర్యపోయాడు. వదినని నేను మనస్ఫూర్తిగా ప్రేమించింది ఆ రెండు నెలలే.

మూడో నెలలో వదినకి జ్వరం తిరగబడింది. నర్సమ్మ మళ్ళీ కళ్ళె పంపించింది. వారం తర్వాత కాగితంతో వచ్చి మా గడప మీద కూర్చుంది.

"ఈ మాత్రలకి ఇక లొంగదమ్మా. మొండి రకం అయింది. కొత్త మందుకి రాస్తాను, ఎప్పుడొస్తుందో. రోజూ వేసుకున్నావా?"

"వేసుకున్నాను."

"ఎన్ని?"

వదిన నన్ను చూసింది. "మూడు," అంది.

నన్ను కాయడానికి అబద్ధమాడింది. అందుకు నాకు కృతజ్ఞత కలగాలి. ఇందులోనూ ఆమే పైచెయ్యి అయిందే అనిపించింది.

నెల తిరక్కుండా పక్క జట్టులో కత్తెర పట్టే అక్క మొగుడు మంచం పట్టాడు. బేళ్ళు మోసే మనిషి, ఎద్దులాంటివాడు. అతను రహస్యంగా ఆస్పత్రికి వెళ్తే అతనికీ మొండి రకమే అన్నారు. అతను జన్మలో ఒక్క మాత్ర మింగలేదు. తర్వాత ఇంకో ఇద్దరు. తర్వాత ఎవరో, ఎందరో, అందరూ నోరు మూసుకుని దగ్గుతున్నారు.

అప్పుడు మేస్త్రీ షెడ్డు మధ్యలో నిలబడి చెప్పాడు. "యజమాని గారిది పెద్ద మనసు. కొత్త మందు తెప్పిస్తున్నారు. అయిదుగురికి. ఇంటికి ఒక్కరే. మంచిగా మసలుకున్నవాళ్ళకే."

ఆ సాయంత్రానికే జట్లు విరిగాయి. ఎవరూ ఎవరి కుప్పలో దోసిలి వెయ్యలేదు. మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోవడం మానేశారు.

మర్నాడు మేస్త్రీ నన్ను పైన ఆఫీసు గదికి పిలిపించాడు. ఆ మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. గదికి నాలుగు కిటికీలు ఉన్నాయి. నాలుగూ బార్లా తెరిచి ఉన్నాయి. చల్లగా గాలి వీస్తోంది. బల్ల మీద కాగితాలు ఎగరకుండా రాయి పెట్టుకున్నాడు.

"బడికెళ్ళావంట?"

"ఏడో తరగతి దాకా."

"నువ్వు మాట్లాడవు గానీ అన్నీ చూస్తుంటావు. ఎవరెవరు దగ్గుతున్నారో రాసియ్యి. వాళ్ళని మెల్లగా ఇళ్ళకి పంపించేస్తాను, నలుగురికీ అంటకుండా. మీ ఇంటి నుంచి నీ పేరు నేను వేసుకుంటాను." సొరుగులోంచి కాగితం తీస్తూ అన్నాడు: "మీ వదిన సంగతి నాకు తెలియదనుకున్నావా? మీ అన్న ఆవిడ పేరే ఇస్తాడు. నువ్వే ఆలోచించుకో."

తెల్ల కాగితం చేతిలో పెట్టాడు. కాదనలేదు. మడిచి జాకెట్టులో దోపుకున్నాను.

ఇంట్లో అన్నయ్యకి ఈ మందు సంగతి అప్పటికే తెలుసు. అప్పుడే నా దగ్గు సంగతీ, మాత్రల సంగతీ వదిన బయటపెట్టింది. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. గోడకి చేరగిలబడ్డాడు.

"దాని పేరే ఇవ్వు," అంది వదిన. "పెళ్ళి కూడా కాని పిల్ల. నాదేముంది."

"నాకు దానం చెయ్యడానికి నువ్వెవరివి?" అని అరిచాను. "అన్నిట్లో నువ్వే మంచిదానివి కావాలా? చావడంలో కూడానా?"

అన్నయ్య వదిన పాదాల వైపు చూస్తూ కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. జవాబు నాకు అందింది. జాకెట్టులో కాగితం చురుక్కుమంది. రాద్దామనే అనుకున్నాను. అబద్ధమెందుకు, పేర్లు వరసగా మనసులో పెట్టుకున్నాను కూడా. మొదటిది బొత్తాల పెద్దమ్మ.

తెల్లారి పెద్దమ్మ లేవలేదు. ఆమె గదిలోకి వెళ్ళి చూస్తే వేళ్ళు అలాగే ఉన్నాయి, కత్తెర పట్టుకున్నట్టు వంగి. మేం సాగనంపి వస్తామంటే మేస్త్రీ ఇద్దర్ని మాత్రమే వదిలాడు. "మిగతావాళ్ళు పని చూడండి. పోయినామె ఎక్కడికీ పోదు," అన్నాడు. ఆ మాటకి షెడ్డులో ఒక చప్పుడు పుట్టింది. మాట కాదు, అన్ని గొంతుల్లోనూ గురగురమన్న చప్పుడు. అది మేస్త్రీ కూడా విన్నాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆ సెలవు రోజు కుళాయి దగ్గర అందరం చేరాం. పిలిచింది లెక్చరు మావయ్య. బేళ్ళు దింపే మనిషి. ఒకప్పుడు సంఘం ఉన్న మిల్లులో పనిచేసి, సమ్మెలో పని పోగొట్టుకుని వచ్చాడు. నోరు తెరిస్తే మూయడని ఆ పేరు పెట్టారు. నర్సమ్మని కూడా రప్పించాడు.

మొదట జరిగింది తగువే.

"ఈ మొండి రకం ఎవరింట్లో పుట్టిందో తేలాలి!" అంది కత్తెర పట్టే అక్క. "నా మొగుడు సిగరెట్టైనా ఎరగడు."

"మీ జట్టులోంచే వచ్చింది. కాదు, మీ జట్టులోంచే!" అరుపులు, వేళ్ళు చూపించుకోవడాలు. ఒకామె బిందె విసిరింది. వదిన లేవబోయింది. ఆమె లేస్తే మళ్ళీ నన్ను కాస్తుంది. ఈసారి ఆమె కంటే ముందు నేను లేచాను.

"నేనడిగాను," అన్నాను. "వదినకి మూడిస్తే నాకొకటి కావాలన్నాను. ముగ్గురం తలా ఒకటి మింగాం. ఓర్వలేక అడిగాను."

కత్తెర పట్టే అక్క నా దగ్గరకొచ్చింది. కొడుతుందనుకున్నాను. "మీరు పంచుకుంటే నా ఇంటికెందుకే వచ్చింది?" అంది. ఆ గొంతులో కోపం కూడా మిగల్లేదు.

"గాలిలో వచ్చింది," అంది నర్సమ్మ. "మూడు మాత్రలు కలిసి పడితే ఆ పురుగు చస్తుంది. ఒక్కటి పడితే చావదు, దెబ్బ కాచుకోవడం నేర్చుకుంటుంది. అలా నేర్చుకున్నదే ఆ మూసిన షెడ్డులో అందరి గొంతుల్లోకీ పోయింది."

"చూశారా," అన్నాడు లెక్చరు మావయ్య, "కంటికి కనిపించని పురుగు కూడా నాలుగు దెబ్బలు తిని తిరగబడటం నేర్చుకుంది. మనమింకా అయ్యా, బాబూ అంటున్నాం. దానికి సంఘముంది, మనకి లేదు."

అంత దుఃఖంలోనూ ఎవరో కిసుక్కుమన్నారు.

"నవ్వకండి. ఆ పిల్ల ఓర్వలేకపోయానంది. ఏం, మీకెవరికీ లేదా? అయిదుగురికే మందంటే ఒకరి మొహాలు ఒకరు ఎలా చూసుకున్నారో నేను చూడలేదా? అమ్మాయ్, ఏడవడం తప్పు కాదు. వదిన మీద పడి ఏడవడం తప్పు. ఏడిస్తే ఆ మేడ మీద పడి ఏడు."

"పైన నాలుగు కిటికీలున్నాయి," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. "నాలుగూ తెరిచే ఉన్నాయి." జాకెట్టులోంచి కాగితం తీసి చూపించాను. మేస్త్రీ ఏమడిగాడో, ఏమిస్తానన్నాడో అంతా చెప్పాను. "నన్నూ అడిగాడు," అన్నాడు వెనకాల ఒకతను నేల చూస్తూ. "నన్నూ," అంది ఇంకొకామె. ఏడుగురు తేలారు. అందరికీ వాళ్ళ పేరే వేస్తానన్నాడు.

"మందు నిజంగా అయిదుగురికే ఉందా నర్సమ్మా?" అంది కత్తెర పట్టే అక్క.

నర్సమ్మ రిజిస్టరు తెరిచింది. "మా ఆస్పత్రి మందు డబ్బులకి కాదు, అందరికీ ఇవ్వాల్సిందే. కానీ ఎంతమంది రోగులున్నారో రాసి పంపితేనే పైనుంచి అంత వస్తుంది. మీ గోదాం నుంచి నా దగ్గర ఉన్నవి రెండే పేర్లు. మీరు దాక్కుంటే నేనేమని రాయను?"

అన్నయ్య లేచి నిలబడ్డాడు. "అయితే అందరం రాయించుకుందాం," అన్నాడు. "దగ్గున్నవాళ్ళూ, లేనివాళ్ళూ. ఒకే రోజు. పని రోజు. అందరూ వెళితే ఎవర్ని ఏరతాడు?"

"జిప్పుల పిన్నికి కూడా చెప్పాలి," అంది వదిన. "ఎక్కడుందో ఎవరికైనా తెలుసా?"

ఎవరికీ తెలియదు. అన్నేళ్ళు పక్కన కూర్చున్నాం.

మూడో రోజు పొద్దున ప్రెస్సు మోగలేదు. గదుల్లోంచి నూట ముప్ఫై ఎనిమిది మందిమి బయటికి వచ్చాం. ముక్కుకీ మూతికీ గుడ్డలు, ప్రతి చేతిలో మూత పెట్టిన కళ్ళె డబ్బా. ప్రతి డబ్బా మీదా పేరు. అవన్నీ నేనే రాశాను. మేస్త్రీ అడిగిన దానికంటే ఎక్కువ పేర్లు రాశాను.

ఆస్పత్రి దారిలో పోలీసులు అడ్డం పడ్డారు. వాళ్ళ వెనక మేస్త్రీ.

"గుంపుగా పోవడానికి పర్మిషన్ ఉందా? వెనక్కి నడవండి!" లాఠీ లేచింది.

లెక్చరు మావయ్య తన డబ్బా ముందుకు చాపాడు. "కొట్టండి సార్. కాస్త జాగ్రత్త, మూత వదులు."

పోలీసు చెయ్యి ఆగింది. పక్కన వదిన చాపింది. కత్తెర పట్టే అక్క చాపింది. నూట ముప్ఫై ఎనిమిది డబ్బాలు ఒకేసారి ముందుకొచ్చాయి. "నాది పట్టుకోండి సార్!" "ముందు నాది!" "మా మేస్త్రీకి కూడా ఒకటివ్వండమ్మా, పాపం వట్టి చేతులతో వచ్చాడు!" పోలీసులు ఒక్కొక్కరే పక్కకి తప్పుకున్నారు. మేస్త్రీ అందరికంటే ముందే తప్పుకున్నాడు. ఎన్నాళ్ళుగానో దాచుకున్న దగ్గుని రోడ్డు మీద నవ్వుతూ దగ్గాం.

ఆస్పత్రి మెట్ల మీద డబ్బాలు వరసగా పేర్చి కూర్చున్నాం. మా పని మాకే ఉండాలి, ఎవర్నీ తియ్యకూడదు, కిటికీలు తెరవాలి, ప్రతి రోగికీ పూర్తి మందు కావాలి అన్నాం. సాయంత్రానికి అన్నయ్యనీ లెక్చరు మావయ్యనీ పట్టుకుపోయారు, రోగం వ్యాప్తి చేస్తున్నారని. జీపెక్కుతూ అన్నయ్య వదిన వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. ఎవరి వైపు ఎంతసేపు చూశాడో నేను లెక్కపెట్టానని ఒప్పుకుంటున్నాను.

రెండో రోజు ఫలితాలు వచ్చాయి. ముప్ఫై ఒక్కరికి జబ్బు. అందులో పంతొమ్మిది మందికి మొండి రకం. నాకు కూడా. పెద్ద డాక్టరు మెట్ల మీదికి వచ్చాడు.

"మామూలు రకానికి ఇవాళే మొదలుపెడతాం. కొత్త మందు పదకొండు కోర్సులే ఉన్నాయి. మిగతా ఎనిమిదికి రాశాను, ఎప్పుడొస్తాయో చెప్పలేను. ఎవరికివ్వాలో మీలో మీరే తేల్చుకోండి. మళ్ళీ మా మీద పడొద్దు."

మళ్ళీ అదే. ఒక్క క్షణం అందరి కళ్ళూ పక్కవాళ్ళ మీదకి పోయాయి. నా కళ్ళు కూడా.

"సగం సగం వేసుకోవడం మాత్రం వద్దు," అంది కత్తెర పట్టే అక్క గట్టిగా. "ఎవరికిచ్చినా చివరిదాకా పూర్తిగా. బాగా ముదిరినవాళ్ళకి ముందు. మిగతా ఎనిమిదీ వచ్చేదాకా అందరం ఇక్కడే. మందు మొదలైనవాళ్ళ మనుషులు కూడా లేవకూడదు."

"లేవం," అన్నారు.

ఎవరిది ఎంత ముదిరిందో నర్సమ్మ చెప్తుంటే నేను రాశాను. మొదటి పేరు వదినది. పదకొండో పేరు కత్తెర పట్టే అక్క మొగుడిది. అక్కడ కలం ఆగింది. పన్నెండోది నాది. అతనికీ నాకూ తేడా వెంట్రుకవాసి అంది నర్సమ్మ. కింది గీత మీద నా పేరు రాసి కాగితం డాక్టరుకిచ్చాను.

వదిన నర్సమ్మ ముందు కూర్చుని మాత్రలన్నీ ఒక్కొక్కటిగా మింగింది. నోరు తెరిచి చూపించింది. తర్వాత నా వైపు తిరిగి, "ఏం ఆడపడుచు గారూ, ఈసారి వాటా అడగవేం?" అంది. ఆ కళ్ళు నిండాయి.

"అడగను. ఒక్కటి వదిలావంటే మాత్రం చంపేస్తాను," అన్నాను.

లోపల మండుతూనే ఉంది. మండనీ. ఆ మంటతోనే డాక్టరు గది ముందు రోజుకి నాలుగుసార్లు నిలబడి, "మా ఎనిమిదీ ఏవి?" అని అడుగుతున్నాను. ఎప్పుడూ మాట్లాడని పిల్ల ఇదేనా అని మావాళ్ళే అంటున్నారు.

నాలుగో రోజు యజమాని లారీల్లో కొత్త మనుషుల్ని దింపాడని తెలిసింది. మా చోట్లలో ఎవరో కూర్చున్నారు. నా కత్తెర ఎవరి చేతిలోనో ఉంది.

మర్నాడు మధ్యాహ్నం తల నిండా పీచుదుమ్ముతో ఒకామె మెట్ల దగ్గరికి వచ్చింది. నా వయసే ఉంటుంది.

"డబ్బాలు ఇక్కడేనా ఇచ్చేది?"

"మా కూడు లాక్కుని మళ్ళీ మా దగ్గరికే వచ్చావా?" అన్నాను.

ఆమెకి కోపం రాలేదు. "బయల్దేరేటప్పుడు మాకేం తెలుసు? లారీలోనే విన్నాం మీ సంగతి. పొద్దున మేస్త్రీ వచ్చి, దగ్గున్నవాళ్ళు చేతులెత్తండి, బయటికి పంపిస్తాను అన్నాడు. అందరం ఎత్తాం."

"అందరికీ ఉందా దగ్గు?"

"ఎవరికి తెలుసు? అందుకేగా వచ్చాం." వెనక్కి చూపించింది. రోడ్డు మలుపులో దుమ్ము లేస్తోంది. మాట్లాడుకుంటూ, కేకలేసుకుంటూ, ఒకరి వెనక ఒకరు మనుషులు వస్తున్నారు. ఎంతమందో ఇంకా తెలియడం లేదు.

నేను కాస్త జరిగి చోటిచ్చాను.

"నా వెనక కూర్చో. ముందు కాదు, వెనక," అన్నాను. కలం తీశాను. "పేరు చెప్పు."